రైట్ చెప్పని కండక్టరమ్మ

పెనుకొండ స్టేషనుకు ప్యాసింజరు రైలు ఏనాడూ వేళకు రాదు. ఆ ఊళ్లో ఎవరికీ ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. రైలు వచ్చే వేళకు ఇంట్లో స్నానానికి నీళ్లు పెట్టుకుని, తల దువ్వుకుని, పక్కింటావిడతో నాలుగు మాటలాడి అప్పుడు బయలుదేరితే సరిగ్గా సరిపోతుంది. బుడన్‌బీ బుద్ధెరిగినప్పటి నుంచీ అలాగే బయలుదేరేది. ఆ రోజు మాత్రం, దాని దుంప తెగ, రైలు టైముకు వచ్చింది. ఆమె చేతిసంచీతో రొప్పుతూ ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి చివరి పెట్టె కూడా కనుమరుగైంది. ఆమెలాగే రైలును నమ్మి మోసపోయినవాళ్లు ఇంకొందరు అక్కడ నిలబడి రైల్వేవాళ్లను తిట్టిపోస్తున్నారు.

"చెప్పాపెట్టకుండా ఇట్ల టైముకొస్తే మనుషులెట్ల బతకాలప్పా?" అని ఒకాయన వాపోయాడు. నిజమే కదా అని అందరూ నవ్వారు.

బుడన్‌బీకి మాత్రం నవ్వు రాలేదు. ఆమె ఆ రోజు అన్నాల వేళకు ధర్మవరంలో ఉండి తీరాలి. కూతురు భానుకు అక్కడొక సంబంధం కుదిరింది. పిల్లవాడు షాబాజ్‌కు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే సొంత షాపు ఉంది. మనిషి నెమ్మది, తల ఎత్తి పెద్దగా మాట్లాడడు. వాళ్లమ్మ మస్తాన్‌బీ కట్నం మాట ఎత్తలేదు, బంగారం మాట ఎత్తలేదు. ఒక్కటే అడిగింది. పిల్ల ఉద్యోగం మానెయ్యాలి.

భానుది హిందూపురం డిపోలో కండక్టరు ఉద్యోగం. ఆర్టీసీలో ఆడవాళ్లు అప్పుడప్పుడే కండక్టర్లుగా చేరుతున్న రోజులు అవి. బుడన్‌బీకి ఆ ఖాకీ కోటు చూస్తేనే ఒళ్లు మండేది. మగవాళ్ల మధ్య తోసుకుంటూ తిరగడం, ఊరందరి చేతా పేరు పెట్టి పిలిపించుకోవడం, ఇవేం పనులు? "పెళ్లి చేసుకుంటానమ్మా, షాబాజ్ నాకు నచ్చినాడు. ఉద్యోగం మాత్రం మాననే మానను" అంది భాను. బుడన్‌బీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. బడిలో చదివేటప్పుడు ఖోఖో జట్టులో చేరి పోటీలకు పోతానని ఇలాగే మొండికేసింది. వద్దంటే ఒక పూట అన్నం మానేసింది, మరుసటి పూట తిని ఊరుకుంది. ఇప్పుడూ అంతే. తాను పోయి మస్తాన్‌బీకి మాట ఇచ్చేస్తే పిల్ల రెండు రోజులు మూతి ముడుచుకుని తర్వాత దారికొస్తుంది. భర్త షరీఫ్‌తో చెబితే ఆయన తన సైకిల్ షాపులో ట్యూబుకు గాలి కొడుతూ, "నీ కూతురు, నీ ఇష్టం" అన్నాడు. ఆయన ఏ సంగతికైనా అంతే అంటాడు. భానుకు మాత్రం చెప్పకుండా బయలుదేరింది. మస్తాన్‌బీ అన్న బత్తలపల్లి నుంచి ఈ మాట కోసమే వస్తున్నాడు, అన్నం తిని వెళ్లిపోతాడు. ఆయన ఉండగానే మాట అయిపోవాలి.

రైలు పోయింది కాబట్టి బస్సే గతి. బస్టాండులో హిందూపురం నుంచి వచ్చే ధర్మవరం బస్సు కోసం జనం మూగి ఉన్నారు. బస్సు మలుపు తిరగ్గానే అందరూ ముందు చూసింది ఖాళీ సీట్లను కాదు, దాని నెత్తిని.

"పైన తడి ఉండాది చూడప్పా! హిందూపురంలో వాన పడిండాది."

"టైర్లకు బురద ల్యాదే? ఊరికే చినుకులేమో."

"చినుకులకు ఆ కిటికీలట్ల కారతాయా?"

మబ్బు మొహం చూసి నెలలు దాటిన జనం. ఆ తడి బస్సును పెళ్లికొడుకును చూసినట్టు చూశారు. బుడన్‌బీ మాత్రం జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ పోయి, కిటికీలోంచి సంచీ విసిరి డ్రైవరు వెనక సీటు పట్టేసింది. సంచీ పడిన చోటు ఎవరిదో వాళ్లది. ఆ మాటకు ఈ దారిలో కలెక్టరైనా ఎదురు చెప్పడు.

అప్పుడు వినిపించింది గొంతు.

"దిగేవాళ్లను దిగనీయండి ముందు! ధర్మవరమా అన్నా? ఇదిగో. ఇండియా నూటా నలభై, ముగ్గురు ఔటు. నువ్వేడికి పెదనాయనా? సచిన్ ఉండాడు, ఉండాడు, బయపడొద్దు. చిల్లర ఇయ్యి."

బుడన్‌బీ ఆ గొంతును గుర్తుపట్టింది, అది భాను. ఆ రోజు భానుకు మడకశిర డ్యూటీ. ఎవరికి బదులుగానో ఈ బస్సుకు వచ్చి ఉంటుంది. డ్యూటీలు ఇలా మారిపోతాయని ఆమెకు ఎలా తెలుస్తుంది? వెనక్కి తిరిగి చూడకుండా కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది.

కాని చెవులు మూసుకోలేదు. ఆ గొంతు తన కూతురిదేనా అని ఆమెకు అనుమానం వచ్చింది. ఇంట్లో మాట పెదవి దాటని పిల్ల. ఇక్కడ బస్సు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖంగుమంటోంది. రొద్దం పక్క రంగప్ప అనే ముసలి రైతు, "మా పక్క పడిండాదా తల్లీ?" అని అడిగితే, "రొద్దం బస్సు అడ్డమొచ్చె పెదనాయనా, దాని నెత్తి గూడా తడిసిండాది. ఇంటికాడ ఎద్దులు ఎగురుతుంటాయి పో" అంది. ఆయన మొహం చూడాలి! ధర్మవరం బ్యాంకులో పనిచేసే మహేష్ ఆ రోజు ఒక పూట సెలవు పెట్టి ఈ బస్సులో పోతున్నాడు, చేతిలో చిన్న ట్రాన్సిస్టరు. ఇంగ్లీషు వ్యాఖ్యానం వస్తే ఆయన చెబుతాడు, హిందీ వస్తే తెల్లమొహం వేస్తాడు. అప్పుడు భాను టికెట్లు కొడుతూనే, చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు ఉర్దూ ముక్కలతో దాన్ని తెలుగు చేసి చెబుతోంది. టికెట్టు తీసుకున్న ప్రతివాడికీ ఊరి పేరుతో పాటు స్కోరు కూడా అందుతోంది.

చివరికి ముందు సీటు దగ్గరికి వచ్చింది. తల్లిని చూసింది.

"యాడికి?"

"ధర్మవరం."

ఎందుకు అని అడగలేదు. తల్లి పక్కనున్న సంచీలోంచి తొంగిచూస్తున్న మిఠాయి పొట్లాన్ని చూసింది. అది చాలు. టికెట్టు చింపి చేతికిచ్చింది.

బుడన్‌బీ దాన్ని తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. భాను చెయ్యి చాపి అలాగే నిలబడింది.

"ఏందే?"

"టికెట్టు దుడ్లు."

"నేనా? నీ తల్లి దగ్గిర టికెట్టు దుడ్లు తీసుకుంటావా? నవమాసాలు మోసినప్పుడు నేను నీకు టికెట్టు కొట్టినానా?"

బస్సంతా గొల్లుమంది. భాను నవ్వలేదు, కోపగించుకోలేదు. "ఈడ అందరూ ఒకటేనమ్మా. బస్సు కదలాల, ఇయ్యి" అంది మెల్లగా. బుడన్‌బీ మొహం కందగడ్డ చేసుకుని కొంగుముడి విప్పింది. ధర్మవరంలో ఇవ్వబోయే మాటను మరి కాస్త గట్టిగా ఇవ్వాలని అప్పుడే అనుకుంది.

"రైట్!" అంది భాను. బస్సు కదిలింది.

ఊరు దాటాక ఆకాశం నల్లబడింది. బస్సులో కబుర్లు మూడు దారుల్లో సాగుతున్నాయి. ఒకళ్లు రైలు టైముకొచ్చిన వింత చెబుతుంటే, ఇంకొకళ్లు ఈ వాన ఆమడగూరు దాకా పోతుందా పోదా అని పందెం వేస్తున్నారు. మిగతావాళ్లకు మ్యాచ్ తప్ప వేరే లోకం లేదు. అన్నాల వేళకు ధర్మవరం చేరితే మన బౌలింగు టీవీలో చూడవచ్చని మగవాళ్లంతా లెక్కలు వేసుకుంటున్నారు.

డ్రైవరు ఓబుళప్ప మీసాలున్న పెద్ద మనిషి. దారిలో ఎదురు రావలసిన బస్సు ఎక్కడ కలుస్తుందో ఆయనకు తెలుసు. రోజూ ఆ చోట రెండు బస్సులూ పక్కపక్కన ఆగుతాయి. ఇద్దరు డ్రైవర్లూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, నీ పక్క వాన ఎట్లుంది, నా పక్క స్కోరు ఎంత అని ఇచ్చిపుచ్చుకుని సాగిపోతారు. ఆ రోజు ఆ చోటు దాటిపోయినా గోవిందప్ప నడిపే బస్సు ఎదురు రాలేదు.

"ఓబుళప్పన్నా, గోవిందప్పన్న బస్సేదీ?" అంది భాను ముందుకొచ్చి.

"పంచరైంటాది లే."

"పంచరైతే లారీలోళ్లు చెప్పుంటారు గదా. లారీలు గూడా అంతంతే వస్తాండాయి."

ఓబుళప్ప మీసం కొరుక్కుంటూ బండి నడిపాడు. కాసేపటికి జవాబు రోడ్డు మీదే కనిపించింది.

ఆ దారిలో ఒక వంక ఉంది, వాన పడితేనే పారే వాగు. వంతెన లేదు. రోడ్డే వంకలోకి దిగి అవతలి గట్టు ఎక్కుతుంది. రెండు పక్కలా అంచు తెలియడానికి సున్నం కొట్టిన రాళ్లు పాతారు. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో మేకలు పడుకుంటాయి. ఆ రోజు ఎర్రటి నీళ్లు గట్టుకూ గట్టుకూ మధ్య సుడులు తిరుగుతూ పారుతున్నాయి. సున్నం రాళ్లు ఒక్కటీ కనిపించలేదు. అవతలి గట్టున గోవిందప్ప బస్సు చిన్నగా కనిపిస్తోంది.

జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. రంగప్పయితే గబగబా దిగిపోయి, నీళ్లలో చెయ్యి ముంచి కళ్లకద్దుకున్నాడు. "వంక వచ్చెనప్పా! ఈ కండ్లతో చూస్తి!" అంటూ చిన్నపిల్లాడిలా అందరికీ చూపించాడు. ఈ సీమలో నీళ్లు దారికి అడ్డం వచ్చినా తిట్టడానికి ఎవరికీ నోరు రాదు. కాని ఆ సంతోషం కాసేపే. ఒక లారీ వాళ్లను దాటుకుని నీళ్లలోకి దిగి, గుర్రుమంటూ అవతలికి చేరింది. అంతే, బస్సులో అందరికీ ధైర్యం వచ్చేసింది.

"పోనియ్యి ఓబుళప్పా! లారీ పోయె గదా!"

"పందెం పెట్టినా నీకంటే మొనగాడు డ్రైవరు ఈ డిపోలోనే ల్యాడు. పోనియ్యప్పా!"

ఆ పొగడ్త తగిలింది. ఓబుళప్ప మీసం దువ్వుకుని గేరు వేశాడు.

"హోల్డాన్!"

భాను వెనక తలుపు దగ్గర నిలబడి అరిచిన అరుపుకు బుడన్‌బీ ఉలిక్కిపడింది. భాను దిగి, బస్సు ముందుకు నడిచి వచ్చి, నీళ్ల అంచున నిలబడింది.

"అంచు రాళ్లు కనపడేదాకా నేను రైట్ చెప్పనన్నా."

"లారీ పోయింది గదమ్మా!" అని మహేష్ బతిమాలాడు. ఆయనకు బ్యాంకు ఆలస్యమవుతోంది, పైగా మ్యాచ్.

"లారీలో ఉండేది ఉల్లిగడ్డలు. నా బస్సులో ఉండేది మనుషులు."

అక్కడ మొదలైంది గొడవ. చిన్నస్వామి అనే కంట్రాక్టరు ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా నలగకుండా ఒక్కడే రెండు సీట్లలో కూర్చుని వస్తున్నాడు. ఆయన లేచి, "ఆడపిల్లలకు ఇట్లాంటి ఉద్యోగాలిస్తే ఇంతే. నీళ్లు చూస్తే బయం, బల్లిని చూస్తే బయం. మీ డిపో మేనేజరు నాకు బాగా తెలుసు, రేపే చెప్తా" అన్నాడు.

"చెప్పండన్నా. పేరు భాను. మరచిపోతారేమో, కాగితం కావాల్నా?"

కొందరు నవ్వారు, ఎక్కువమంది నవ్వలేదు. నలుగురు మగవాళ్లు దిగి ఆమె చుట్టూ చేరి తలా ఒక మాట అన్నారు. ఆమె అందరికీ జవాబు చెబుతూ ఉంది గాని అక్కడి నుంచి ఒక్క అడుగు కదల్లేదు.

బుడన్‌బీ ఊరుకుందా? పొద్దు నడినెత్తికొస్తోంది. బత్తలపల్లి పెద్దమనిషి అన్నం తిని చెయ్యి కడుక్కుని పోతాడు. ఆమె కూడా బస్సు దిగి అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"మే భానూ! నేను చెప్తాండా, పోనియ్యి. ఆడ నాకోసరం కాచుకోని ఉండారు. ఎవరికోసం పోతాండానో నీకు తెలుసు. నీ బాగుకే పోతాండా. తల్లి మాట కూడా వినవా?"

భాను తల్లి వైపు చూసింది. ఆ చూపులో ఎదిరింపు లేదు. ఎందుకు పోతున్నావో తెలుసన్న బాధ మాత్రం ఉంది.

"నువ్వు ఆడికి పోయి ఏమన్నా చెప్పుకోమ్మా. ఆడిదాకా నిన్ను చేర్చేది నా పని. టికెట్టు కొట్టినోళ్లంతా దిగేదాకా నా వాళ్లే. బిడ్డను ఎత్తుకోని ఆ ఎల్లమ్మ ఉండాది చూడు, ఈ చిన్నస్వామన్న ఉండాడు, నువ్వుండావు. ఎవర్ని నీళ్లపాలు చేసినా ఇంటికి పోయి నేను అన్నం తినలేను. బస్సెక్కి కూచో పో."

బుడన్‌బీ బస్సెక్కలేదు, అక్కడే నిలబడి కూతురి మొహంలోకి చూసింది. ఇంతమంది మధ్య, అటు డ్రైవరు, ఇటు మేనేజరు పేరు చెప్పి బెదిరించేవాడు, పైన కన్నతల్లి. నా కూతురు ఎవరికీ తల వంచడం లేదే, అనుకుంది.

అప్పుడు ఓబుళప్ప ఇంజను ఆపేశాడు.

"కండక్టరు రైట్ చెప్పందే బండి కదలదప్పా. అది రూలు. నాతో ఏం చెప్పొద్దండి" అని తలుపు తీసుకుని దిగాడు. దిగి, బస్సు పక్కన బీడీ వెలిగించుకోబోయాడు. అగ్గిపుల్ల ఆరిపోయింది. ఇంకొకటి గీశాడు, అదీ ఆరిపోయింది. గాలి లేదు. అదంతా బుడన్‌బీ పక్కనే ఉండి చూసింది. ఆమెకు చప్పున అర్థమైంది. ఆ మొనగాడికీ భయమే. మగవాళ్లందరూ చూస్తుండగా ఆగమని తనంతట తాను చెప్పుకోలేక నీళ్లలోకి దిగబోయాడు. పిల్ల అడ్డం నిలబడి తిట్లన్నీ తన నెత్తిన వేసుకుంది. ఆయన పరువూ నిలిచింది, ప్రాణాలూ నిలిచాయి.

ఆ తర్వాత జరిగింది చెప్పుకోవాలి. అంత కొట్లాడుకున్న జనం కాసేపటికే అక్కడొక తిరణాల పెట్టేశారు. భాను మహేష్ ట్రాన్సిస్టరును బస్సు ముందు బానెట్ మీద పెట్టించింది. హిందీ వచ్చినప్పుడల్లా తాను తెలుగు చేసి గట్టిగా చెప్పింది. ఫోరు పడితే చెయ్యి గాలిలో ఊపింది. రంగప్ప మూట విప్పి వేరుశెనక్కాయలు పంచాడు. ఎల్లమ్మ బిడ్డ ఏడిస్తే భాను తన అన్నం డబ్బాలోంచి పెరుగన్నం తినిపించింది. చిన్నస్వామి కాసేపు రెండు సీట్లలో ఒంటరిగా కూర్చుని, స్కోరు సరిగా వినబడక, ఇస్త్రీ చొక్కాతోనే దిగివచ్చి జనంలో ఇరుక్కున్నాడు. ఒక కన్ను ట్రాన్సిస్టరు మీద, ఇంకో కన్ను వంక మీద. మొదటి రాయి నెత్తి తెల్లగా బయటపడగానే వికెట్టు పడినంత గోల చేశారు.

బుడన్‌బీ రోడ్డు పక్కన రాతి మీద కూర్చుని, వేరుశెనక్కాయలు వలుస్తూ కూతుర్నే చూసింది. ఇన్నాళ్లూ ఆమె ఖాకీ కోటును చూసింది, లోపలి మనిషిని చూడలేదు. ఈ పిల్ల ఇంట్లో ఎందుకు మెల్లగా మాట్లాడుతుందో ఆమెకు తట్టింది. ఇంట్లో వినేవాళ్లు లేరు. తాను వింటే కదా.

రాళ్లన్నీ తేలేసరికి అన్నాల వేళ ఎప్పుడో దాటిపోయింది. అయినా భాను వెంటనే రైట్ అనలేదు. చెప్పులు విప్పి బస్సులో పెట్టి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, చేతిలో కర్రతో నీళ్లలోకి దిగింది. రోడ్డు కోసుకుపోయిందేమో చూసుకుంటూ కర్రతో పొడుచుకుంటూ నడిచింది. మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి ఊపింది.

"రైట్... రైట్... కుడికి రావద్దన్నా... రైట్!"

పిల్ల ముందు, బస్సు వెనక. నీళ్లు ఆమె పిక్కలను కొడుతుంటే బుడన్‌బీ ముందు కడ్డీని రెండు చేతులా పట్టుకుని, తనకు తెలిసిన దువాలన్నీ చదివింది. భాను అవతలి గట్టెక్కి, తడి కాళ్లతో బస్సెక్కగానే రంగప్ప చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. చిన్నస్వామి కొట్టలేదు గాని కిటికీలోంచి చూస్తూ, "గట్టి పిల్లే" అన్నాడు. బుడన్‌బీ ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, సంతోషంతో, సిగ్గుతో ఏడ్చింది.

ధర్మవరం బస్టాండులో దిగిన జనం ఊళ్లోకి పోయే లోపలే కథ పెరిగిపోయింది. టీ అంగడి దగ్గర నీళ్లు కిటికీలదాకా వచ్చాయి. పట్టుచీరల అంగళ్ల వీధి చేరేసరికి బస్సు తేలింది. బుడన్‌బీ మస్తాన్‌బీ ఇల్లు చేరేసరికి ఆ ఇంట్లో అప్పటికే అన్నీ విని ఉన్నారు. బత్తలపల్లి అన్న చెయ్యి కడుక్కున్నా పోకుండా ఆమె కోసమే ఆగాడు.

మస్తాన్‌బీ మంచిది. ముందు అన్నం పెట్టింది. తర్వాతే మాట ఎత్తింది.

"నీళ్లలో దిగిందంట గదక్కా నీ కూతురు! వింటాంటే నా ప్రాణం పోయె. ఏం ఉద్యోగమక్కా అది? రేపే మాన్పించు. నాకు ఒక్కడే కొడుకు. కోడలు ఏ వంకకాడ ఉందో, ఏ రోడ్డుమింద ఉందో అని వాకిట్లో కూచోని చూసే ఓపిక నాకు ల్యాదు. మానేస్తాదని ఒక్క మాట చెప్పు, ఈ పూటే పసుపు కొంటా."

బుడన్‌బీ పొద్దున ఇంటి నుంచి తెచ్చిన మాట అదే. నోటిదాకా ఉన్న మాటే. అందరూ ఆమె వైపు చూస్తున్నారు. లోపలి గదిలో షాబాజ్ నిలబడి ఉన్నాడు, కర్టెను కింద కాళ్లు కనిపిస్తున్నాయి. ఆ పిల్లవాడు కూతురికి నచ్చాడు. ఇలాంటి ఇల్లు మళ్లీ దొరకదని ఆమెకు తెలుసు.

"మానదు మస్తాన్" అంది.

"ఆ మాట నీ కూతురు చెప్పమనిందా?"

"దానికి తెలియదు. నేనే చెప్తాండా. నువ్వు చూడల్యా, నేను చూసినా. పొద్దున నేనే నీ ఇంటికి బిరీన రావాలని, నీళ్లలోకి పోనియ్యమని దానికి చెప్పినా. అది పోనియ్యల్యా. అది నా మాట వినింటే నేను నీకు ఈ మాట చెప్పడానికే ఉండేదాన్ని కాదు. అంత పని చేసేదాన్ని ఇంట్లో కూచోబెట్టమని నా నోటితో నేను చెప్పలేను."

కర్టెను కింద కాళ్లు కదిలాయి గాని బయటికి రాలేదు. మస్తాన్‌బీ కళ్లొత్తుకుని, "ఆలోచించుకోని కబురు పెడతాంలే అక్కా" అంది. అలా అన్నవాళ్లు కబురు పెట్టరని ఇద్దరికీ తెలుసు. మిఠాయి పొట్లం అక్కడే పెట్టి బుడన్‌బీ లేచింది.

సాయంత్రం బస్టాండులో అదే బస్సు తిరుగు ప్రయాణానికి నిలబడి ఉంది. జనం ఎక్కుతున్నారు. ఓబుళప్ప ఇంజను స్టార్టు చేశాడు. మ్యాచ్ మనవాళ్లు గెలిచారట, ఆ మాటలతో బస్టాండంతా గోలగోలగా ఉంది. భాను తల్లిని దూరం నుంచే చూసి, జనంలోంచి విడివడి ఎదురొచ్చింది.

"మాట ఇచ్చేసినావా అమ్మా?"

"లేదు."

"మరేం చెప్పినావు?"

"మానదని చెప్పినా."

భాను నమ్మలేనట్టు చూసింది. తర్వాత అడగలేక అడగలేక అడిగింది. "వాళ్లేమన్యారు?"

"పోయింది బిడ్డా. సంబంధం పోయింది. నేనే పోగొట్టినా."

పొద్దున అంతమంది మగవాళ్లకు జవాబు చెప్పిన పిల్ల, నీళ్లలో నిలబడి బస్సును నడిపించిన పిల్ల, పెదవి కొరుక్కుని ఆపుకోబోయింది. ఆగలేదు. తల్లి భుజం మీద తల పెట్టి, టికెట్ల పెట్టె ఇద్దరి మధ్యా నలుగుతుండగా, వెక్కివెక్కి ఏడ్చింది. బుడన్‌బీ ఆ ఖాకీ కోటు వీపును నిమురుతూ నిలబడింది. సంబంధం కోసం ఎంత ఏడుపో, తల్లి తన పక్షాన నిలబడినందుకు ఎంత ఏడుపో ఆమెకు తెలియలేదు. తనకు వస్తున్నది కూడా ఏదో తెలియలేదు.

బస్సులో జనం సణగడం మొదలుపెట్టారు. "టైమాయె, కండక్టరు యాడ?" "ఆడ ఏమో ఏడుస్తాండాది చూడు." ఒకడు బస్సు రేకు మీద దబదబా కొట్టాడు.

బుడన్‌బీ కూతురి తల భుజం మీదనే ఉంచుకుని, బస్సు వైపు తిరిగి గొంతెత్తింది.

"ఏందప్పా ఆ కొట్టుడు? ఎక్కేవాళ్లు ఎక్కండి, ఎక్కినోళ్లు కూచోండి! నా కూతురు రైట్ చెప్పేదాకా ఈ బస్సు కదలదు. అది కండ్లు తుడుచుకునేదాకా రైట్ చెప్పదు. తొందరున్నోళ్లు దిగి నడుచుకోని పోండి!"

రేకు మీద కొడుతున్న చెయ్యి ఆగింది. ఓబుళప్ప వంగి ఇంజను ఆపేశాడు.